అంతర్జాతీయ సభకి ఊరు ఎంచుకోవాలా? రాలేనివాళ్ళ దగ్గర నుంచి లెక్క మొదలుపెట్టండి

మా వృత్తి సంఘం రెండేళ్ళకోసారి అంతర్జాతీయ సభ పెడుతుంది. ఒకసారి ఆ సభకి వరంగల్ నుంచి ఒక అమ్మాయి ఎంపికైంది. మొదటి పరిశోధన, మొదటి పాస్‌పోర్ట్, మొదటి విమాన ప్రయాణం. సభలో బోర్డు మీద పెట్టి తన పరిశోధన చూపించాల్సిన పోస్టర్‌ని, కాగితమైతే నలిగిపోతుందని గుడ్డ మీద ప్రింట్ చేయించుకుంది. వీసా అపాయింట్‌మెంట్ దొరకడానికే రెండు నెలలు పట్టింది, దానికోసం, కాగితాల కోసం హైదరాబాద్ మూడుసార్లు తిరిగింది. సభ బుధవారం మొదలైతే పాస్‌పోర్ట్ శుక్రవారం సాయంత్రం కొరియర్‌లో ఇంటికి చేరింది. లోపల వీసా ఉంది! హాల్లో ఆమె పేరు రాసి పెట్టిన బోర్డు మూడు రోజులూ ఖాళీగానే ఉంది, నేను టీకి వెళ్ళిన ప్రతిసారీ దాని పక్కనుంచే వెళ్ళాను.

ఆ తర్వాత రెండు సభలకి ఊరు ఎంచుకునే కమిటీలో పనిచేశాను. మీలో ఎవరైనా డాక్టర్ల సంఘంలోనో, ఇంజనీర్ల సంఘంలోనో, లైబ్రేరియన్లు, గణితం వాళ్ళు, నర్సులు, ఎవరి సంఘంలోనైనా ఇలాంటి బాధ్యత తీసుకుంటే పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

మామూలుగా జరిగేది ఏమిటంటే, మూడు నాలుగు ఊళ్ళ నుంచి బిడ్లు, అంటే సభ మా ఊళ్ళో పెట్టండనే ప్రతిపాదనలు, వస్తాయి, అందమైన ఫొటోలు, కన్వెన్షన్ సెంటర్ ఎంత పెద్దది, చుట్టుపక్కల చూడటానికి ఏమున్నాయి, నగరం తరఫున ఎంత రాయితీ ఇస్తారు, ఇవన్నీ చూసి చేతులెత్తి ఓటేస్తారు. ఓటేసేవాళ్ళందరూ అప్పటికే నాలుగైదు సభలకి వెళ్ళొచ్చినవాళ్ళు, అంటే వీసా, డబ్బు, నడవగలిగే కాళ్ళు మూడూ ఉన్నవాళ్ళు. రాలేకపోయినవాళ్ళు ఆ గదిలో ఉండరు కాబట్టి వాళ్ళ కష్టం బల్ల మీదకి రానే రాదు. అందుకే నేను చెప్పే పద్ధతి తిరగేసి ఉంటుంది. ఊళ్ళ పేర్లు చూడకముందే, మీ సభ్యుల్లో రావడం అన్నిటికన్నా కష్టమైన అయిదారుగురిని ఊహించుకుని కాగితం మీద రాయండి. మేం రాసుకున్నవి ఇవి: వరంగల్ నుంచి మొదటిసారి విదేశానికి వచ్చే పరిశోధక విద్యార్థి, సొంత దేశంలో ఎంబసీ లేక పక్క దేశానికి వెళ్ళి వేలిముద్రలు ఇవ్వాల్సిన ఆఫ్రికా సభ్యుడు, మోటారు వీల్‌చైర్ వాడే ప్రొఫెసర్, వినపడని సభ్యురాలు, ఆరు నెలల పాపతో వచ్చే తల్లి, రోజూ కంట్రోల్డ్ మందు (చట్టం ఆంక్షలు పెట్టిన మందు) వేసుకోవాల్సిన మనిషి. ప్రతి ఊరి బిడ్‌నీ ఈ ఆరుగురి కళ్ళతో చదవాలి. ఫొటోలు తర్వాత చూసుకోవచ్చు.

ముందు పాస్‌పోర్ట్

మీ సభ్యుల జాబితా తీసుకుని ఏ దేశం వాళ్ళు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. ప్రతి దేశం పాస్‌పోర్ట్‌కి ఆ ఊరు వెళ్ళడానికి ఏం కావాలో ఒక షీట్‌లో రాయండి. వీసా లేకుండానా, ఆన్‌లైన్‌లోనా, దిగాక ఇస్తారా, లేక ఇంటర్వ్యూకి వెళ్ళాలా? ఇంటర్వ్యూ ఉంటే ఎక్కడ, ఎన్ని రోజులకి దొరుకుతోంది, పాస్‌పోర్ట్ ఎన్ని వారాలు వాళ్ళ దగ్గరే ఉంచుకుంటారు? ఈ చివరిది చాలామంది అడగరు. ఉద్యోగం కోసం నెలకోసారి దేశం దాటాల్సినవాళ్ళకి పాస్‌పోర్ట్ నాలుగు వారాలు చేతిలో లేకపోవడమంటే సభ మానుకోవడమే.

మన పాస్‌పోర్ట్‌నే తీసుకోండి. యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసా ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు, కనీసం 30,000 యూరోల ఇన్సూరెన్స్ చూపాలి, తిరస్కరిస్తే ఫీజు వెనక్కి రాదు. ఆరు నెలల ముందు నుంచీ అప్లై చేసుకోవచ్చు, నిర్ణయానికి మామూలుగా 15 రోజులంటారు, కానీ అసలు ఇబ్బంది అప్లికేషన్ ఇవ్వడానికి అపాయింట్‌మెంట్ దొరకడం దగ్గర. అమెరికా విజిటర్ వీసా ఇంటర్వ్యూకి 2022 చివర్లో మన దేశంలోని కొన్ని కాన్సులేట్లలో ఏడాది దాటి ఎదురుచూడాల్సి వచ్చింది. అదే థాయిలాండ్ 2023 నవంబర్‌లో, మలేషియా 2023 డిసెంబర్‌లో మనవాళ్ళకి వీసా అక్కర్లేదన్నాయి. కెన్యా 2024 జనవరి నుంచి వీసా పద్ధతే తీసేసి దాదాపు అందరికీ ఆన్‌లైన్ అనుమతి పెట్టింది. రువాండా అన్ని దేశాలవాళ్ళకీ దిగాక వీసా ఇస్తుంది. ఈ నియమాలు ఏడాదికోసారి మారుతుంటాయి కాబట్టి ఓటేసే వారంలో ఒకసారి, కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టే వారంలో ఇంకోసారి ఆయా ప్రభుత్వాల సైట్లలోనే చూడండి. ట్రావెల్ ఏజెంట్ చెప్పాడని వదిలేయకండి.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పడం లేదు. 2018లో కెనడాలోని మాంట్రియల్‌లో జరిగిన న్యూరిప్స్ అనే పెద్ద ఏఐ సభకి రావాల్సిన ఆఫ్రికా పరిశోధకులకి చాలామందికి వీసాలు రాలేదు. ఆ రంగంలో దీని మీద పెద్ద చర్చ జరిగింది, ఇంకో పెద్ద సభ ఐసీఎల్ఆర్‌ని 2020లో ఆఫ్రికాలోనే, ఇథియోపియా రాజధాని ఆడిస్ అబాబాలో పెట్టాలని నిర్ణయించారు. కోవిడ్ వల్ల అది ఆన్‌లైన్‌కి మారింది, కానీ వాళ్ళు మాట వదిలేయకుండా 2023లో రువాండా రాజధాని కిగాలీలో పెట్టారు. ఇంతలో 2022లో అంతర్జాతీయ ఎయిడ్స్ సభ మళ్ళీ మాంట్రియల్‌లోనే జరిగింది, మళ్ళీ అదే కథ, ఆఫ్రికా నుంచి రావాల్సిన చాలామంది వీసా అందక ఆగిపోయారు, ప్రారంభ సభలోనే నిరసన జరిగింది. ఏ జబ్బు గురించి సభో ఆ జబ్బు భారం అన్నిటికన్నా ఎక్కువ మోస్తున్న ఖండం వాళ్ళే హాల్లో లేకపోతే ఆ సభలో తేలేదేముంటుంది?

ఊరు మార్చిన చరిత్ర కూడా ఆ సభకే ఉంది. హెచ్ఐవీ ఉన్నవాళ్ళని అమెరికా దేశంలోకి రానివ్వని రోజుల్లో, 1992 సభ బోస్టన్‌లో జరగాల్సింది, దాన్ని ఆమ్‌స్టర్‌డామ్‌కి మార్చారు. ఆ నిషేధం 2010 జనవరిలో పోయింది, 2012లో గానీ సభ మళ్ళీ అమెరికాకి, వాషింగ్టన్‌కి, వెళ్ళలేదు. మీ కమిటీలో ఎవరైనా "ఒకసారి ప్రకటించాక ఊరు మార్చడం కుదరదండీ" అంటే ఈ సంగతి చెప్పండి.

ఒక జాగ్రత్త. మనకి సులువైన ఊరు అందరికీ సులువు కాదు. కౌలాలంపూర్ మనకి వీసా లేకుండా బాగుంటుంది, కానీ ఇజ్రాయెల్ పాస్‌పోర్ట్‌కి మలేషియా తలుపులు మూసి ఉంటాయి. 2019లో ప్రపంచ పారా స్విమ్మింగ్ పోటీలు ఆ దేశంలో జరగాల్సి ఉంటే ఇజ్రాయెల్ క్రీడాకారులకి వీసా హామీ ఇవ్వలేదని అక్కడి నుంచి తీసేసి లండన్‌లో పెట్టారు. ఇస్తాంబుల్ అయితే విమానాల సంగతిలో దానికి సాటి రాగల ఊళ్ళు తక్కువ, కానీ మన పాస్‌పోర్ట్‌కి ఈ-వీసా కావాలంటే ముందే అమెరికాదో, బ్రిటన్‌దో, షెంగెన్‌దో వీసా ఉండాలి. అంటే అప్పటికే తిరిగినవాళ్ళకి సులువు, మొదటిసారి వచ్చేవాళ్ళకి కష్టం. మన వరంగల్ అమ్మాయి సంగతి మళ్ళీ మొదటికే వస్తుంది.

దారిలో విమానం మారే చోటు కూడా చూడాలి. అమెరికాలో విమానం మారాలన్నా మనకి వీసా కావాలి, ఎయిర్‌పోర్ట్ బయటికి రాకపోయినా సరే. బ్రిటన్‌లో మారినా మన పాస్‌పోర్ట్‌కి ట్రాన్సిట్ వీసా గొడవ ఉంది. లాటిన్ అమెరికాలో సభ పెడితే ఈ చిక్కు తప్పకుండా వస్తుంది, సభ పెట్టే దేశం ఎంత ఉదారంగా ఉన్నా దారి మూసుకుపోవచ్చు.

ఆతిథ్యమిచ్చే వాళ్ళని ఇంకొకటి రాతపూర్వకంగా అడగండి: మీ విదేశాంగ శాఖలో మా సభ కోసం ఒక మనిషిని కేటాయిస్తారా? ఆ ఒక్క మనిషి ఈమెయిల్, ఫోన్ నంబర్ మనకిస్తే, ఆగిపోయిన అప్లికేషన్ల జాబితా వారానికోసారి ఆయనకి పంపొచ్చు. "వీసాలకి పూర్తి సహకారం అందిస్తాం" అని బ్రోషర్‌లో రాసే వాక్యానికి ఎలాంటి విలువా లేదు. మన వైపు నుంచి కూడా ఇన్విటేషన్ లెటర్లు సభకి ఆరు నెలల ముందే వెళ్ళాలి. అంటే పేపర్ల ఎంపిక ఎనిమిది నెలల ముందు పూర్తవ్వాలి. మా సంఘంలో మూడున్నర నెలల ముందు ఫలితాలు ఇచ్చేవాళ్ళం, ఆ అమ్మాయి బోర్డు ఖాళీగా ఉండటానికి ఎంబసీ ఎంత కారణమో మా క్యాలెండర్ కూడా అంతే కారణం, అది తెలిసొచ్చేసరికి చాలా బాధేసింది.

డబ్బు

విమానం టికెట్ ధర ఒక్కటే చూసి ఊరు చవక, ఖరీదు అని తేల్చేస్తారు. అది సరిపోదు. నేను చేసేది, విజయవాడ నుంచి ఒక లెక్చరర్, నైరోబీ నుంచి ఒకరు, లిమా నుంచి ఒకరు, బెర్లిన్ నుంచి ఒకరు, ఈ నలుగురికీ ఇంటి గుమ్మం నుంచి గుమ్మం దాకా లెక్క వేయడం. వీసా ఫీజు, వీసా కోసం తిరిగిన ఖర్చు, ఆ రోజుల జీతం నష్టం, ఇన్సూరెన్స్, టికెట్, ఎయిర్‌పోర్ట్ నుంచి హోటల్‌కి, హోటల్ ఎన్ని రాత్రులో అన్ని, రెండు పూటల భోజనం, రిజిస్ట్రేషన్. దీన్ని ఆ మనిషి నెల జీతంతో భాగించండి. బెర్లిన్ మనిషికి వారం జీతంలో తేలిపోయేది విజయవాడ లెక్చరర్‌కి మూడు నెలల జీతం అవుతుంది. ఈ అంకెని ప్రతి ఊరికీ వేసి పక్కపక్కన పెడితే కమిటీలో మాట తీరే మారిపోతుంది, ఇది నేను కళ్ళారా చూశాను.

హోటళ్ళ విషయంలో ఒక్క మాట. కన్వెన్షన్ సెంటర్‌కి ఆనుకున్న అయిదు నక్షత్రాల హోటల్ కాకుండా, నడిచి పదిహేను నిమిషాల లోపు వెళ్ళగలిగే యూనివర్సిటీ హాస్టల్ గదులో, మామూలు లాడ్జీలో ఉన్నాయా చూడండి. సెలవుల్లో హాస్టళ్ళు ఖాళీగా ఉంటాయి, సభ తేదీలు దానికి తగ్గట్టు పెట్టుకుంటే విద్యార్థులకి సగం భారం తగ్గుతుంది.

టేపు పట్టుకుని వెళ్ళండి

ఇక్కడ నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే అందరూ తప్పు చేసే చోటు ఇదే, నేను కూడా చేశాను.

మేం ఒక ఊరికి సైట్ విజిట్‌కి వెళ్ళినప్పుడు మా కమిటీలోనే మోటారు వీల్‌చైర్ వాడే పెద్దాయన ఉన్నారు. నిజానికి ఆయన్ని తీసుకెళ్ళాలా వద్దా అని ముందు చర్చ జరిగింది, ఖర్చెక్కువని. ఆయన ఒకటే అన్నారు, "నేను రాలేని ఊరైతే ఇప్పుడే తేలిపోతుంది కదా, మంచిదే." హోటల్ వాళ్ళు ముందే ఈమెయిల్‌లో రాశారు, వీల్‌చైర్ గదులు నాలుగు ఉన్నాయని. వెళ్ళాం. లిఫ్ట్ బాగుంది, గది తలుపు బాగుంది, మంచం పక్కన చోటుంది. ఆయన బాత్రూమ్ దగ్గర ఆగి జేబులోంచి టేపు తీశారు. తలుపు పూర్తిగా తెరిస్తే 61 సెంటీమీటర్లు. ఆయన కుర్చీ 64. హోటల్ మేనేజర్ "పాత కుర్చీ అయితే పట్టేదండీ" అన్నాడు. పెద్దాయన నవ్వలేదు, కోప్పడలేదు, ఆ అంకె పుస్తకంలో రాసుకుని "తర్వాతి గది చూపించండి" అన్నారు. నాలుగు గదుల్లో ఒక్కదానికే తలుపు 80 ఉంది. ఆ గదిలో షవర్ కింద నాలుగంగుళాల గట్టు కట్టి ఉంది.

అంచేత "వీల్‌చైర్ గది ఉందా" అని అడగకండి. తలుపు తెరిచాక ఖాళీ ఎంత, సెంటీమీటర్లలో చెప్పమనండి, 80కి తగ్గితే పనికిరాదు, 90 ఉంటే నిశ్చింత. లోపల కుర్చీ గుండ్రంగా తిరగడానికి 150 సెంటీమీటర్ల చోటు ఉందా? షవర్ దగ్గర గట్టు ఉందా, కూర్చునే బల్ల, చేతి షవర్, పట్టుకునే కడ్డీలు ఉన్నాయా? మంచం ఎత్తెంత? టేపు ఆనించి ఫొటో తీసి పంపమనండి. పంపడానికి ఇష్టపడని హోటల్‌ని జాబితాలోంచి తీసేయండి. అలాంటి గదులు ఎన్ని ఉన్నాయో అన్నీ మీ పేరు మీద ముందే పట్టుకోవాలి, లేకపోతే కిటికీ బాగుందని వాటిని మామూలు అతిథులకి ఇచ్చేస్తారు.

తర్వాత ఎయిర్‌పోర్ట్ నుంచి స్టేజీ దాకా ఆ మనిషి వెళ్ళే దారంతా మీరే వెళ్ళి చూడండి. మోటారు కుర్చీ మడవదు, మామూలు ట్యాక్సీలో పట్టదు, ర్యాంప్ ఉన్న వ్యాన్ ఆ ఊళ్ళో ఎన్ని గంటల ముందు బుక్ చేస్తే దొరుకుతుంది, రాత్రి రెండింటికి దిగితే దొరుకుతుందా? కుర్చీ బ్యాటరీ సంగతి ఎయిర్‌లైన్‌కి ముందే, సాధారణంగా 48 గంటల ముందు చెప్పాలి, విమానం మారిన ప్రతిచోటా కుర్చీ దెబ్బతినే అవకాశం పెరుగుతుంది, కాబట్టి ఇలాంటివాళ్ళకి నేరుగా విమానం ఉన్న ఊరు చాలా పెద్ద వరం. ఆ ఊళ్ళో పాడైన వీల్‌చైర్ బాగుచేసేవాళ్ళు, అద్దెకిచ్చేవాళ్ళు ఎవరో కూడా ముందే కనుక్కోండి.

ఊళ్ళో తిరగడం ఇంకో ఎత్తు. సింగపూర్ మెట్రోలో ప్రతి స్టేషన్‌కీ మెట్లు లేని దారి ఉంది. వియన్నా మెట్రో కూడా అంతే, 2025కి యూరప్‌లో అందరికీ అందుబాటుగా ఉండే నగరం అవార్డు ఆ ఊరికే ఇచ్చారు. ప్యారిస్‌లో మూడు వందలకి పైగా మెట్రో స్టేషన్లుంటే మొత్తం లైనంతా వీల్‌చైర్‌కి పనికొచ్చేది 14వ నంబరు ఒక్కటే. లండన్‌లో మూడో వంతు స్టేషన్లకే మెట్లు లేని దారి ఉంది, అయితే అక్కడి బస్సులూ నల్ల ట్యాక్సీలూ వీల్‌చైర్ ఎక్కేలా ఉంటాయి కాబట్టి ఫరవాలేదు. అంతర్జాతీయ సభలు ఎక్కడ ఎక్కువ జరుగుతున్నాయో ఐసీసీఏ అనే సంస్థ ఏటా లెక్కలు వేస్తుంది, 2023లో ప్యారిస్ మొదటి స్థానం. ఎన్ని సభలు జరిగాయనేది వేరు, ఎవరెవరు రాగలిగారనేది వేరు. బిడ్‌లో ఆ ర్యాంకు పెద్ద అక్షరాలతో కనిపిస్తే ఆ పేజీ తిప్పేయండి.

మంత్రులకే జరిగింది కదా! 2021 నవంబర్‌లో గ్లాస్గోలో ఐక్యరాజ్యసమితి వాతావరణ సభ, కాప్26. ఇజ్రాయెల్ ఇంధన మంత్రి కరీన్ ఎల్హరార్ వీల్‌చైర్‌లో వస్తే లోపలికి వెళ్ళే దారి లేకపోయింది. నడవాలి, లేదంటే షటిల్ బస్ ఎక్కాలి, ఆ బస్‌లోకి వీల్‌చైర్ ఎక్కదు. చాలాసేపు చూసి ఆమె ఎడిన్‌బరోలోని హోటల్‌కి తిరిగి వెళ్ళిపోయారు. సభా భవనంలో ర్యాంప్‌లు ఉండి ఉండొచ్చు, కానీ భద్రత కోసం పెట్టిన గేటుకీ భవనానికీ మధ్య దారిలో తేడా వచ్చింది. అందుకే సభ రోజున ఏ గేటు తెరుస్తారు, ఏది మూస్తారు, సెక్యూరిటీ తనిఖీ ఎక్కడ అనేది అడిగి, ఆ గేటు నుంచే లోపలికి వెళ్ళి చూడాలి.

హాల్లో అందరూ మర్చిపోయేది స్టేజీ. ప్రేక్షకుల్లో వీల్‌చైర్‌కి చోటు పెడతారు, మాట్లాడేవాళ్ళలో వీల్‌చైర్ మనిషి ఉంటారని అనుకోరు. ర్యాంప్ వాలు అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. స్టేజీ రెండున్నర అడుగులుంటే ర్యాంప్ ముప్పై అడుగులు, అంత చోటు ఏ హాల్లోనూ ఉండదు, అప్పుడు చెక్క పలక ఏటవాలుగా పెట్టి ఇద్దరు మనుషులు వెనక నుంచి తోస్తారు, మూడు వందల మంది చూస్తుండగా. స్టేజీనే అడుగు ఎత్తుకి తగ్గించమని కాంట్రాక్ట్‌లో రాయించండి, పన్నెండు అడుగుల ర్యాంప్‌తో సరిపోతుంది, వెనక కూర్చున్నవాళ్ళకి తెర ఉంటుంది కాబట్టి నష్టమేమీ లేదు. మైకు స్టాండ్ కిందికి దిగేది కావాలి.

వినపడనివాళ్ళ విషయంలో సైన్ లాంగ్వేజ్ అన్ని దేశాల్లో ఒకటే అనుకుంటారు. కాదు. మన భారతీయ సైన్ లాంగ్వేజ్ వేరు, అమెరికాది వేరు, బ్రిటన్‌ది వేరు. ఎవరికి ఏది కావాలో రిజిస్ట్రేషన్ ఫారంలోనే అడగండి, ఆ ఊళ్ళో వృత్తిగా చేసే ఇంటర్‌ప్రెటర్లు దొరుకుతారో లేదో బిడ్ సమయంలోనే తెలుసుకోండి. ఒక్కరితో పని కాదు, ఇరవై నిమిషాలకోసారి మారడానికి ఇద్దరు కావాలి. మాట్లాడేది తెర మీద అక్షరాలుగా వచ్చే క్యాప్షన్లు అందరికీ పనికొస్తాయి, యాస అర్థంకాక ఇబ్బంది పడే మనలాంటివాళ్ళకి కూడా, కానీ ప్రశ్నలడిగేవాళ్ళు మైకులోనే అడగాలి, లేకపోతే సగం చర్చ అక్షరాల్లోకి రాదు. చూపు లేనివాళ్ళకి స్లయిడ్లు ముందే పంపాలి, ఊరి విషయానికొస్తే ఫుట్‌పాత్ మీద గీతలూ చుక్కలూ ఉన్న పలకలు, శబ్దం చేసే సిగ్నళ్ళు ఉన్నాయా చూడాలి. గైడ్ డాగ్‌తో వచ్చేవాళ్ళుంటే ఆ దేశం క్వారంటైన్ నియమాలు నెలల ముందే చదవాలి.

మందులు, చట్టాలు, తేదీలు

ఇవి త్వరగా చెప్పేస్తాను, కానీ చిన్నవి కావు. కొన్ని దేశాల్లో మన డాక్టర్ రాసిచ్చిన మందే నేరమవుతుంది. జపాన్‌లోకి ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత కుదరని సమస్యకి) వాడే యాంఫెటమైన్ మందులు తీసుకెళ్ళడం పూర్తిగా నిషేధం, చీటీ ఉన్నా కుదరదు. యూఏఈలో ట్రమడాల్, కొడీన్ లాంటి నొప్పి మందులకి ముందుగా అనుమతి తీసుకోవాలి. కెన్యా వెళ్ళొచ్చే మనవాళ్ళకి ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి, ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, అది అన్ని ఆసుపత్రుల్లో దొరకదు, హైదరాబాద్‌లో నారాయణగూడలోని ప్రభుత్వ సంస్థ ఐపీఎంలో వేస్తారు, కర్నూలు నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చేవాళ్ళకి అదొక ప్రయాణం. ఇన్విటేషన్ లెటర్‌తో పాటే ఈ సమాచారం పంపండి.

పైన నేను మెచ్చుకున్న మలేషియా, కెన్యాలలో స్వలింగ సంబంధాలు చట్టప్రకారం నేరం. మీ సభ్యుల్లో అలాంటివాళ్ళు తప్పకుండా ఉంటారు, చెప్పుకోరంతే. ఓటుకి ముందు పేరు రాయనక్కర్లేని ఒక చిన్న సర్వే పెట్టి "ఈ ఊళ్ళలో మీరు వెళ్ళలేనిది ఏది, ఎందుకు" అని అడిగితే కమిటీ గదిలో ఎప్పుడూ వినని జవాబులొస్తాయి. అన్ని విధాలా మచ్చలేని ఊరు ఎక్కడా ఉండదు, అందుకే ఒకే ఊళ్ళో మళ్ళీ మళ్ళీ పెట్టకుండా ఖండాలు మార్చాలి, ఒకసారి ఆగిపోయినవాళ్ళు ఇంకోసారి రాగలగాలి.

తేదీల్లో దసరా, దీపావళి, రంజాన్, యూదుల యోమ్ కిప్పుర్, చైనా కొత్త సంవత్సరం చూసుకోండి. బొలీవియాలోని లా పాజ్ లాంటి ఊరు 3,600 మీటర్ల ఎత్తున ఉంటుంది, గుండె, ఊపిరితిత్తుల ఇబ్బంది ఉన్నవాళ్ళకి అక్కడ కష్టం. పాపతో వచ్చే తల్లికి పాలిచ్చే గది, అది బాత్రూమ్ పక్కన స్టోర్ రూమ్ కాకూడదు.

మన హైదరాబాద్ బిడ్ వేస్తే

ఇది మనసులో ఉన్న మాట. మన ఊరికి పెద్ద సభలు చేసిన అనుభవం ఉంది. 2010 ఆగస్టులో అంతర్జాతీయ గణిత మహాసభ, 2012 అక్టోబర్‌లో జీవ వైవిధ్య ఒప్పందం దేశాల పదకొండో సభ (కాప్11), రెండూ హైదరాబాద్ ఇంటర్నేషనల్ కన్వెన్షన్ సెంటర్ (హెచ్ఐసీసీ)లోనే జరిగాయి. గల్ఫ్ మీదుగా, సింగపూర్ మీదుగా దాదాపు ఏ ఖండం నుంచైనా ఒక్క విమానం మారి శంషాబాద్‌లో దిగొచ్చు. భోజనం, గదుల ధరలు బయటి దేశాలతో పోలిస్తే బాగా తక్కువ. చాలా దేశాలవాళ్ళకి ఈ-వీసా ఉంది.

కానీ బిడ్‌లో నిజం రాయాలి. పాకిస్తాన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకి ఈ-వీసా లేదు, కాన్ఫరెన్స్ వీసాకి కేంద్రం నుంచి క్లియరెన్స్ కాగితాలు నిర్వాహకులే తేవాలి, ఆ పని నెలల ముందు మొదలుపెట్టాలి. మెట్రో స్టేషన్లలో లిఫ్టులూ, చూపు లేనివాళ్ళ కోసం పలకలూ ఉన్నాయి, కానీ మెట్రో ఎయిర్‌పోర్ట్ దాకా లేదు, స్టేషన్ దిగాక ఫుట్‌పాత్ మీద బైకులు పెట్టి ఉంటాయి, కొన్నిచోట్ల ఫుట్‌పాతే ఉండదు. దివ్యాంగుల హక్కుల చట్టం మనకి 2016లోనే వచ్చింది, 21 రకాల వైకల్యాలని గుర్తించింది, చట్టం ఉందని రోడ్డు దాటలేం కదా. అందుకని హైదరాబాద్ బిడ్ వేసేవాళ్ళు ర్యాంప్ వ్యాన్లు ఎన్ని, హోటల్ నుంచి హాలుకి వీల్‌చైర్ ఎక్కే షటిల్ ఎన్ని నిమిషాలకోసారి, ఎవరి ఖర్చు, అవన్నీ అంకెలతో రాయాలి. మే నెలలో మాత్రం పెట్టకండి, నలభై డిగ్రీల ఎండలో గేటు దగ్గర క్యూలో ఎవరినీ నిలబెట్టకూడదు. నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య హాయిగా ఉంటుంది.

సంతకానికి ముందు

ఏ ఊరైనా సరే, ఇప్పటిదాకా మాటల్లో ఒప్పుకున్నవన్నీ కాంట్రాక్ట్‌లోకి రావాలి: గదుల తలుపుల కొలతలు, స్టేజీ ఎత్తు, వ్యాన్ల సంఖ్య, ఇంటర్‌ప్రెటర్ల ఖర్చు, వీసా మనిషి పేరు. వీసా నియమాలు మారి మీ సభ్యుల్లో పెద్ద భాగం రాలేని పరిస్థితి వస్తే పరిహారం లేకుండా సభని మార్చుకునే హక్కు కూడా రాయించండి, హోటల్ వాళ్ళు మొదట ఒప్పుకోరు, ఇద్దరు ముగ్గురు పోటీలో ఉన్నప్పుడే అడగాలి, సంతకం అయ్యాక అడిగితే ఎవరూ వినరు. ఈ ఏర్పాట్లకి బడ్జెట్‌లో మొదటి రోజే విడిగా ఒక పద్దు పెట్టండి, చివర్లో మిగిలితే చూద్దాం అనుకుంటే మిగలదు. ఆన్‌లైన్‌లో చేరే వీలు ఉండాలి, కానీ అది వీసా రానివాళ్ళని సర్దుకుపొమ్మనడానికి కాదు. ఆన్‌లైన్‌లో ఉన్నవాళ్ళు కూడా ప్రశ్న అడగాలి, పోస్టర్ చూపించాలి, వాళ్ళ టైమ్‌లో అర్ధరాత్రి కాకుండా చూడాలి.

సభ ముగిశాక రిజిస్టర్ చేసుకుని రాలేకపోయినవాళ్ళకీ, ఎంపికైనా రిజిస్టర్ చేసుకోనివాళ్ళకీ ఒక చిన్న ఉత్తరం రాసి, ఎక్కడ ఆగిపోయారో అడగండి. వీసానా, డబ్బా, కుర్చీనా, మందులా, ఇంట్లో పరిస్థితా? ఒక్కో జవాబు పక్కన దేశం, ఏ దశలో ఆగిందో రాసి తర్వాతి కమిటీకి అప్పగించండి. ఆ ఉత్తరం సభ ముగిసిన వారంలోపే వెళ్ళాలి, నెల దాటితే జవాబులు రావు.